ఎనిమిది ఆంగ్‌స్ట్రామ్‌ల అలవాటు

ప్రోటీన్ల నిర్మాణం మీద పనిచేసే చోట్ల ఇప్పుడొక అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. "నిర్మాణం చేతిలో ఉంది. ఏ రెసిడ్యూ దేన్ని తాకుతోందో కంప్యూటర్ చెప్పేస్తుంది. ఎనిమిది ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న జంటల్ని ఏరితే కాంటాక్టుల పట్టిక తయారు. అందులో కొత్తగా ఆలోచించడానికి ఏముంది?" సెమినార్లలో ఈ మాట వినిపిస్తుంది. పరిశోధన వ్యాసాల్లో అయితే అదీ ఉండదు. పద్ధతుల విభాగంలో ఒక్క వాక్యం, దాని కింద రంగురంగుల మ్యాపు, అంతే.

ఈ అభిప్రాయం వెనక పెద్ద బలమే ఉంది. ప్రోటీన్ల నిర్మాణాన్ని ఊహించే కాస్ప్ పోటీ 2020లో 14వ సారి జరిగినప్పుడు ఆల్ఫాఫోల్డ్ 2 అనే ప్రోగ్రామ్ అందరినీ నివ్వెరపరిచింది. 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల అంచనా నిర్మాణాలు ఎవరైనా ఉచితంగా దించుకునేలా అందుబాటులోకి వచ్చాయి. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం డేవిడ్ బేకర్‌కి, మిగతా సగం డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకి దక్కింది. ఈ ఘనతని వీసమెత్తు తగ్గించి చెప్పాలని నాకు లేదు. దాన్ని అడ్డం పెట్టుకుని చేస్తున్న వాదనే తప్పు. పరమాణువులు ఎక్కడెక్కడున్నాయో తెలిసినంత మాత్రాన కాంటాక్టులు తెలిసిపోవు. "ఈ రెండు రెసిడ్యూలు, ఫలానా స్థితిలో, ఒకదాన్నొకటి పట్టుకుని ఫలానా పని చేస్తున్నాయి" అని మనం చేసే ప్రతిపాదన పేరే కాంటాక్ట్. ప్రతిపాదనకి సాక్ష్యం కావాలి. సాక్ష్యాల్లో దూరం ఒకటి, అన్నిటికంటే తేలిగ్గా దొరికేది. తేలిగ్గా దొరికింది కదా అని మిగతావాటిని వదిలేశాం.

ముందు ఆ ఎనిమిది సంగతి చూద్దాం. ఆంగ్‌స్ట్రామ్ అంటే పరమాణువుల మధ్య దూరాలు కొలిచే ప్రమాణం. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. గొలుసులో చేరాక ఒక్కో అమైనో ఆమ్లాన్నీ రెసిడ్యూ అంటాం. ప్రతి రెసిడ్యూకీ వెన్నెముక భాగం ఒకటి, దాన్నుంచి పక్కకి పొడుచుకొచ్చే సైడ్ చైన్ ఒకటి ఉంటాయి. సైడ్ చైన్‌లో మొదటి పరమాణువు బీటా కార్బన్. రెండు రెసిడ్యూల బీటా కార్బన్ల మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే కాంటాక్ట్, లేకపోతే కాదు. గ్లైసీన్‌కి బీటా కార్బన్ లేదు కాబట్టి దానికి ఆల్ఫా కార్బన్ తీసుకుంటారు. 1994 నుంచి రెండేళ్లకోసారి జరుగుతున్న కాస్ప్ పోటీలో కాంటాక్టుల్ని ఎవరు బాగా ఊహించారో మార్కులు వేయడానికి వాడిన నిర్వచనం ఇది. మార్కులు వేయడానికి అది సరిపోయింది. గొలుసు ఎటునుంచి ఎటు మడత పడిందన్నదే అక్కడ ప్రశ్న. దానికి ముతక గీత చాలు. పరీక్షలో మార్కుల కోసం పెట్టుకున్న గీత మెల్లగా ప్రకృతి ధర్మం హోదాకి ఎక్కింది. నా తగాదా అక్కడే.

ఆ గీతని ఒక మామూలు జంట మీద పెట్టి చూడండి. లైసీన్ సైడ్ చైన్ పొడవైనది. బీటా కార్బన్ నుంచి చివరనున్న ధనావేశపు నైట్రోజన్ దాకా నాలుగు బంధాలు, పూర్తిగా చాపితే దాదాపు 5 ఆంగ్‌స్ట్రామ్‌లు. గ్లుటామిక్ ఆమ్లంలో బీటా కార్బన్ నుంచి రుణావేశపు ఆక్సిజన్ దాకా మూడు బంధాలు, మూడున్నర ఆంగ్‌స్ట్రామ్‌ల పైచిలుకు. ఈ రెండూ ఎదురెదురుగా చేతులు చాపి, నైట్రోజన్, ఆక్సిజన్ మధ్య 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంతో పట్టుకున్నాయనుకుందాం. అది గట్టి సాల్ట్ బ్రిడ్జి, అంటే వ్యతిరేక ఆవేశాల మధ్య పట్టు. అప్పుడు వాటి బీటా కార్బన్ల మధ్య దూరం 11 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటుతుంది. గీత ప్రకారం వాటి మధ్య కాంటాక్ట్ లేదు. ఇప్పుడు రెండు అలనీన్లని 7.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంచండి. అలనీన్ సైడ్ చైన్ అంటే ఒక్క మిథైల్ గుంపు, దాని వ్యాసార్ధం సుమారు 2 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండింటికీ నాలుగు పోగా మధ్యలో మూడున్నర మిగిలింది. నీటి అణువు వ్యాసం 2.8. అంటే రెండింటి మధ్యలోంచి నీరు దూరిపోయేంత సందు ఉంది. గీత ప్రకారం అది కాంటాక్ట్.

ఇలాంటి తేడాలు సగటున సర్దుకుంటాయని తరచూ సమాధానం వస్తుంది. సర్దుకోవు. తప్పులు రెండు వైపులా సమానంగా పడితే సర్దుకునేవి. ఇక్కడ పొడవైన, ఆవేశమున్న లైసీన్, ఆర్జినీన్, గ్లుటామిక్ ఆమ్లాల కాంటాక్టులు ఒక పద్ధతిగా లెక్కలోంచి జారిపోతాయి. పొట్టి రెసిడ్యూల కాంటాక్టులు ఒక పద్ధతిగా ఎక్కువ పడతాయి. వేల నిర్మాణాల మీద ఇదే లెక్క వేస్తే వేల నిర్మాణాల్లోనూ ఒకే వైపు మొగ్గిన తప్పు వస్తుంది. పెద్ద సంఖ్య దాన్ని కడగదు, గట్టిపరుస్తుంది. ప్రోటీన్ ఉపరితలం మీద, ఎంజైము చురుకు స్థానాల దగ్గర ఆ ఆవేశమున్న రెసిడ్యూలు ఎక్కువగా ఉంటాయి. ఏవి మనకి ముఖ్యమో అవే పోతున్నాయి.

ఈ అజాగ్రత్త మన దేశంలో కనబడితే నాకు మరింత బాధ. కాంటాక్టుల్ని ఎంత జాగ్రత్తగా చూడాలో ప్రపంచానికి చూపించిన పని మద్రాసు విశ్వవిద్యాలయంలోనే జరిగింది. 1963లో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ వేసిన పటాన్ని ఇవాళ ప్రతి బయోకెమిస్ట్రీ పుస్తకమూ అచ్చు వేస్తోంది. ఆ పటం పుట్టుక ఏమిటి? వెన్నెముక బంధాల్ని రెండు కోణాల్లో తిప్పుతూ, ఏ కోణంలో ఏ పరమాణువు దేనికి ఎంత దగ్గరగా వస్తోందో చూశారు. అంటే అది పూర్తిగా కాంటాక్టుల విశ్లేషణ. అన్ని జంటలకీ ఒకే గీత గీసి ఊరుకోలేదు వాళ్లు. కార్బన్-కార్బన్‌కి ఒక హద్దు, కార్బన్-ఆక్సిజన్‌కి మరొకటి, హైడ్రోజన్-హైడ్రోజన్‌కి ఇంకొకటి. పైగా ఒక్కో జంటకీ రెండేసి హద్దులు: మామూలుగా ఉండే కనీస దూరం ఒకటి, అరుదుగానైనా సాధ్యమయ్యే అంచు దూరం ఇంకొకటి. కార్బన్-కార్బన్‌కి మామూలు హద్దు 3.2 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంచు హద్దు 3.0. కార్బన్-ఆక్సిజన్‌కి 2.8, 2.7. పటంలో లోపలి ప్రాంతం, దాని చుట్టూ కాస్త విశాలమైన ప్రాంతం కనబడేది ఈ రెండు హద్దుల వల్లే. "అవును, కాదు" అనే రెండు మాటలకి కుదించకుండా, "సుఖంగా, కష్టంగా, అసాధ్యంగా" అనే మూడు మెట్లు ఉంచారు. ఇప్పుడున్న కంప్యూటర్లలో నూరో వంతు సౌకర్యం లేని రోజుల్లో వాళ్లు పెట్టిన శ్రద్ధ ఇప్పుడు మనం పెట్టకపోవడానికి సాకు లేదు.

ఆల్ఫాఫోల్డ్‌ని సాక్షిగా పిలిచేవాళ్లు గమనించని విషయం ఇంకొకటుంది. 2018 పోటీలో దిగిన మొదటి ఆల్ఫాఫోల్డే ఎనిమిది ఆంగ్‌స్ట్రామ్‌ల గీతని పక్కన పెట్టింది. ప్రతి రెసిడ్యూ జంటకీ కాంటాక్ట్ ఉందా లేదా అని అడగడం మానేసి, 2 నుంచి 22 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా దూరాన్ని 64 అరలుగా విడగొట్టి, ఏ అరలో పడే సంభావ్యత ఎంతో ఊహించింది. ముందడుగు పడటంలో ఆ మార్పుకి పెద్ద పాత్ర ఉంది. తన పేరు చెప్పి ఏ గీతని సమర్థిస్తున్నారో దాన్ని ఆ ప్రోగ్రామే వదిలేసింది.

దూరాన్ని సరిగ్గా నిర్వచించుకున్నా సమస్య తీరదు. అసలు కీలకమైన కాంటాక్ట్ మన చేతిలో ఉన్న నిర్మాణంలో లేకపోవచ్చు. ఇందుకు సికిల్ సెల్ జబ్బు కన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో, ఆదిలాబాద్ అడవుల్లో, మధ్య భారతమంతటా ఆదివాసీ కుటుంబాలు మోస్తున్న జబ్బు ఇది. 1949లో లైనస్ పాలింగ్ బృందం దీన్ని అణువు స్థాయి జబ్బు అని తేల్చింది. కొన్నేళ్లకే వెర్నన్ ఇన్‌గ్రామ్ తేడా ఎక్కడుందో పట్టుకున్నాడు. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంది.

ఇప్పుడు మామూలు హిమోగ్లోబిన్‌ది ఒక కాంటాక్ట్ మ్యాపు, సికిల్ హిమోగ్లోబిన్‌ది ఒకటి వేసి పక్కపక్కన పెట్టండి. దాదాపు ఒకేలా ఉంటాయి. ఆరో రెసిడ్యూ ఉపరితలం మీద ఉంది. అక్కడ గ్లుటామిక్ ఆమ్లం ఉన్నా వాలీన్ ఉన్నా అణువు లోపల పెద్దగా ఏదీ కదలదు. మ్యాపుని నమ్మితే జబ్బు లేదనాలి. జబ్బుని తెచ్చే కాంటాక్ట్ ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య ఏర్పడుతుంది. ఒక అణువు ఆరో స్థానపు వాలీన్ పక్క అణువు బీటా గొలుసులో 85వ స్థానపు ఫినైల్‌అలనీన్, 88వ స్థానపు లూసీన్ కలిసి చేసిన చిన్న గుంటలో ఇమిడిపోతుంది. నీటికి గిట్టని వాలీన్‌కి నీటికి గిట్టని గుంట దొరికింది. ఆ పట్టుతో అణువులు జంట వరసల్లో పేరుకుని, ఏడు జంటలు, అంటే పద్నాలుగు పోగులు మెలిపడి తాడులా మారతాయి. కణం కొడవలిలా వంగుతుంది.

ఈ ఒక్క కాంటాక్టులో గమనించాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఆ గుంట జబ్బు లేనివాళ్ల హిమోగ్లోబిన్‌లోనూ ఉంది. గ్లుటామిక్ ఆమ్లం దాన్లోకి దూరదు కాబట్టి అది ఊరికే ఉంది. కాబట్టి కాంటాక్ట్ ఏదో ఒక రెసిడ్యూ గుణం అనుకోవడానికి లేదు, కొత్తగా వచ్చిన వాలీన్‌కీ ముందునుంచే ఉన్న గుంటకీ కుదిరిన జోడీ అది. అదే ఆరో స్థానంలో వాలీన్‌కి బదులు లైసీన్ వస్తే హిమోగ్లోబిన్ సి అవుతుంది, దాని జబ్బు తీరే వేరు, తీవ్రతా చాలా తక్కువ. ఒక్కో అణువులో ఆరో స్థానపు వాలీన్లు రెండున్నా, ఈ గుంటలో ఇమిడేది వాటిలో ఒకటే. ఆక్సిజన్ వదిలేసిన రూపంలోనే ఈ కాంటాక్ట్ కుదురుతుంది, ఆక్సిజన్ పట్టుకున్న రూపంలో గుంట ఇరుకవుతుంది, అణువు ఆకారమూ ఆ వరసలో ఇమడదు. పైగా ఇది బలహీనమైన పట్టు. పలచటి ద్రావణంలో దీన్ని ఎవరూ లెక్కచేయరు. ఎర్ర రక్తకణంలో మాత్రం డెసిలీటరుకి 34 గ్రాముల దాకా హిమోగ్లోబిన్ కిక్కిరిసి ఉంటుంది. ఆక్సిజన్ లేని సికిల్ హిమోగ్లోబిన్ సుమారు 16 గ్రాములు దాటితే కరిగి ఉండలేదు. అందుకే అంత బలహీనమైన పట్టు మనిషి ప్రాణం మీదికి తెస్తోంది. జోడీ, స్థితి, గాఢత: ఈ మూడింట్లో ఏది వదిలేసినా కాంటాక్ట్ అర్థం కాదు. ఎనిమిది ఆంగ్‌స్ట్రామ్‌ల పట్టికలో ఈ మూడూ లేవు.

హిమోగ్లోబిన్ లోపల చూసినా ఇదే కథ. 1970లో మాక్స్ పెరూట్జ్ ఆక్సిజన్ ఉన్న రూపాన్నీ లేని రూపాన్నీ పోల్చి, ఒక రూపంలో ఉన్న సాల్ట్ బ్రిడ్జిలు రెండో రూపంలో తెగుతాయని చూపించాడు. బీటా గొలుసు చివర, 146వ స్థానంలో ఉన్న హిస్టిడీన్ ఆక్సిజన్ లేనప్పుడు 94వ స్థానపు ఆస్పార్టిక్ ఆమ్లాన్ని పట్టుకుంటుంది, ఆక్సిజన్ రాగానే వదిలేస్తుంది. కండరాల్లో ఆమ్లత పెరిగితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని సులువుగా విడవడానికి ఈ పట్టూ విడుపూ ఒక ముఖ్య కారణం. ఆల్ఫా, బీటా గొలుసులు కలిసే సరిహద్దులో మరో జత ఉంది. ఆక్సిజన్ లేనప్పుడు బీటా 99వ ఆస్పార్టిక్ ఆమ్లం ఆల్ఫా 42వ టైరోసీన్‌ని పట్టుకుంటుంది. ఆక్సిజన్ వచ్చాక ఆ పట్టు పోయి, బీటా 102వ ఆస్పరజీన్ ఆల్ఫా 94వ ఆస్పార్టిక్ ఆమ్లాన్ని అందుకుంటుంది. మొదటి పట్టుని పాడుచేసే ఉత్పరివర్తన వస్తే, ఉదాహరణకి హిమోగ్లోబిన్ కెంప్సీ, అణువు ఆక్సిజన్‌ని వదలనంటుంది. రెండో పట్టుని పాడుచేస్తే, హిమోగ్లోబిన్ కాన్సాస్‌లోలా, సరిగ్గా పట్టుకోలేకపోతుంది. ఏ ఒక్క నిర్మాణాన్ని తీసుకున్నా ఈ రెండు కాంటాక్టుల్లో ఒకటే కనబడుతుంది. రెండూ తెలిస్తేనే హిమోగ్లోబిన్ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

ఆల్ఫాఫోల్డ్ 2 డేటాబేసులో దొరికే బీటా గొలుసులో ఆక్సిజన్‌ని పట్టుకునే హీమ్ లేదు, దానిలోని ఇనుము లేదు, ఆక్సిజన్ లేదు, పక్క గొలుసులు లేవు. ఒక్క రెసిడ్యూ మారితే ఏమవుతుందో చెప్పడానికి దాన్ని తయారుచేయలేదని దాని రూపకర్తలే చెప్పారు. తర్వాత వచ్చిన రూపాలు గొలుసుల్ని కలిపీ, చిన్న అణువుల్ని చేర్చీ ఊహిస్తాయి, నిజమే. కానీ ఏ గొలుసుల్ని, ఎన్నిటిని కలపాలో మనమే చెప్పాలి. అడగాల్సిన ప్రశ్న తెలిసినవాడికే ఆ పనిముట్టు ఉపయోగం.

ప్రయోగంతో తేల్చిన నిర్మాణాలనైతే కళ్లు మూసుకుని నమ్మొచ్చు కదా అంటారేమో. ఎక్స్-రే స్ఫటిక నిర్మాణాల్లో చాలావాటికి కొలతలు సుమారు 100 కెల్విన్ చలిలో తీసుకుంటారు. అలా గడ్డకట్టించడం వల్ల 35 శాతానికి పైగా సైడ్ చైన్ల పోకడ మారుతోందని 2011లో ఒక అధ్యయనం చూపింది. మామూలు రిజల్యూషన్‌లో హైడ్రోజన్లు కనబడవు కాబట్టి హిస్టిడీన్‌కి ఆవేశం ఉందో లేదో చిత్రం చెప్పదు. ఆస్పరజీన్ చివర నైట్రోజన్ ఏదో, ఆక్సిజన్ ఏదో పోల్చుకోవడమూ కష్టమే. తిరగేసి పెడితే హైడ్రోజన్ బంధం ఇచ్చేది పుచ్చుకునేదిగా మారిపోతుంది. ఉపరితలం మీది లైసీన్ల కొసలు చాలాసార్లు అసలు కనబడవు, ఎక్కడో ఒకచోట అమర్చి పెడతారు. వీటన్నిటికీ సరిచూసే సాధనాలున్నాయి. వాడకుండా పట్టిక వేసేవాళ్లే ఎక్కువ.

పరిణామ చరిత్రలోంచి కాంటాక్టుల్ని ఊహించే పద్ధతులది ఇంకా విచిత్రమైన సంగతి. ఒకే ప్రోటీన్ వేల జీవుల్లో ఎలా మారిందో వరసలు పేర్చి, ఏ రెండు స్థానాలు జతగా మారుతున్నాయో చూస్తే అవి తాకుతున్నాయని ఊహించవచ్చు. 1994లోనే ఈ ఆలోచన వచ్చింది, 2009 తర్వాత గణాంక పద్ధతులు మెరుగై ఫలించింది, ఆల్ఫాఫోల్డ్ నిలబడిందీ ఆ పునాది మీదే. ఈ ఊహల్ని ఒకే ఒక్క నిర్మాణంతో పోల్చి మార్కులు వేసేటప్పుడు, అందులో కనబడని జంటలన్నీ తప్పుల ఖాతాలో పడ్డాయి. తీరా చూస్తే వాటిలో కొన్ని ఒకే రకం గొలుసులు రెండు కలిసే చోటి కాంటాక్టులు, కొన్ని ప్రోటీన్ మరో ఆకారంలోకి మారినప్పటి కాంటాక్టులు. పరిణామం అన్ని స్థితుల్నీ గుర్తుపెట్టుకుంది, మనం ఒక్క స్థితినే జవాబుగా పెట్టుకుని నిజాన్ని తప్పు అన్నాం.

అవతలి పక్షంలో గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. లక్షల నిర్మాణాల మీద పని చేయాలంటే సులువైన నిర్వచనం తప్పదు, ప్రతి జంటనీ రసాయన శాస్త్రవేత్త కూర్చుని చూడలేడు అంటారు. ఒప్పుకుంటాను. మడతల్ని వర్గీకరించడానికి, మడత పడే వేగాన్ని అంచనా వేయడానికి ముతక కాంటాక్టులు గొప్పగా ఉపయోగపడ్డాయి. 1998లో ప్లాక్స్‌కో, సైమన్స్, బేకర్ చేసిన పని అందుకు సాక్ష్యం: గొలుసులో దూరదూరంగా ఉన్న రెసిడ్యూల మధ్య కాంటాక్టులు ఎక్కువైన కొద్దీ చిన్న ప్రోటీన్లు నెమ్మదిగా మడత పడతాయి. ఆ ప్రశ్నకి ఆ పనిముట్టు సరైనది. ఉత్పరివర్తన ఏం చేస్తుంది, మందు ఎక్కడ అంటుకుంటుంది, సంకేతం ఏ దారిన ప్రయాణిస్తుంది అనే ప్రశ్నలకి కూడా అదే చాలన్నప్పుడే నేను కాదంటాను. వేగం పోకుండా శ్రద్ధ పెట్టొచ్చు. బెంగళూరు ఐఐఎస్‌సీలో సరస్వతీ విశ్వేశ్వర బృందం సైడ్ చైన్ల పరమాణువులు ఎన్ని జతలుగా దగ్గరపడుతున్నాయో లెక్కించి, రెసిడ్యూల పరిమాణానికి తగ్గట్టు సవరించి, కాంటాక్టుకి బలాన్ని అంకెల్లో ఇచ్చింది. ఆ బలం హద్దుని జరుపుతూ పోతే కాంటాక్టుల నెట్‌వర్క్ ఎక్కడ చీలుతుందో చూసింది. అదీ కంప్యూటర్ చేసే లెక్కే, లక్షల నిర్మాణాల మీద నడిచేదే. హద్దుని జరిపి చూడటానికి ఒక పూట పడుతుంది. ఆరున్నర దగ్గర వచ్చిన ఫలితం ఎనిమిది దగ్గర మాయమైతే, ఆ ఫలితం ప్రోటీన్‌ది కాదని ఆ పూటలోనే తేలిపోతుంది.

ఈ తేడాలు కాగితం మీదే ఉండిపోవు. ఆరో స్థానపు వాలీన్ ఇమిడే ఆ గుంట దగ్గర 85కీ 88కీ మధ్య 87వ స్థానం ఉంది. పెద్దవాళ్ల బీటా గొలుసులో అక్కడ థ్రియోనీన్. కడుపులో బిడ్డకి ఉండే హిమోగ్లోబిన్‌లో బీటాకి బదులు గామా గొలుసు ఉంటుంది, దాన్లో ఆ స్థానంలో గ్లుటమీన్. ఆ పెద్ద సైడ్ చైన్ అడ్డుపడి పక్క అణువుని దగ్గరికి చేరనివ్వదు. బిడ్డ హిమోగ్లోబిన్ తాడులా పేనుకోకపోవడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఈ ఒక్క మార్పుని బీటా గొలుసులో పెట్టి తయారుచేసిన జన్యు చికిత్సకి 2023 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖరీదు 31 లక్షల డాలర్లు. మన దగ్గర సికిల్ రోగులకి ఇచ్చే చవకైన హైడ్రాక్సీయూరియా కూడా బిడ్డ హిమోగ్లోబిన్‌ని పెంచి, చాలా వరకు ఈ కాంటాక్టునే చెడగొడుతుంది. ఆక్సిజన్ పట్టుకున్న రూపంలోనే అణువుని నిలిపి ఉంచే వోక్సెలోటార్ అనే మందు 2019లో వచ్చింది, భద్రత మీద సందేహాలతో 2024 సెప్టెంబరులో దాన్ని ఉపసంహరించారు. ఆ మందు చేజారాక గుంటనే నేరుగా మూసే చిన్న అణువు అవసరం ఇంకా పెరిగింది.

2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఏడు కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి జబ్బుని నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్షల్లో తేలిన ఆదివాసీ పిల్లలకి 31 లక్షల డాలర్ల వైద్యం ఎవరూ ఇవ్వలేరు, వాళ్లకి మాత్రల ధరలో మందు కావాలి. దాన్ని కంప్యూటర్‌లో వెతకాలనుకునే మన విద్యార్థి డేటాబేసులోంచి ఒంటరి బీటా గొలుసుని దించుకుని, ఎనిమిది ఆంగ్‌స్ట్రామ్‌ల పట్టిక వేస్తే ఆ గుంట ఎందుకు ముఖ్యమో కూడా కనబడదు. ఆక్సిజన్ లేని సికిల్ హిమోగ్లోబిన్ స్ఫటిక నిర్మాణాన్ని తీసుకోవాలి, అందులో పక్కపక్కన ఉన్న రెండు అణువుల్ని కలిపి చూడాలి, హైడ్రోజన్లు చేర్చాలి, 6, 85, 87, 88 స్థానాల సైడ్ చైన్లని పరమాణువు పరమాణువుగా కొలవాలి, వాటి మధ్య నీరు ఎక్కడుందో వెతకాలి. ఇంత పనినీ పద్ధతుల విభాగంలో ఒక్క వాక్యానికి కుదించిన వ్యాసాన్ని సమీక్షకులు వెనక్కి పంపాలి.